మనోళ్ల ముఖం కనబడాలంటే ఏ కెమెరా కొనాలె?

"మేడం, నా దగ్గర 40 వేలున్నయి. రాత్రిపూట స్టేజీ ప్రోగ్రాములు తీయాలె. ఏ కెమెరా కొనమంటరు?"

పోయిన వారం ఒక తమ్ముడు ఇన్‌బాక్సులో అడిగిన ప్రశ్న ఇది. ఎంఏ చదువుతున్నాడు. వాళ్ల ఊరి డప్పు దళాన్ని, అంబేద్కర్ జయంతి రాత్రి జరిగే ధూంధాంలను ఫోన్లో తీసి తీసి విసిగిపోయాడు. "అన్నీ మసక మసక వస్తున్నయి మేడం, పాడేటోళ్లు ఎవరో తెలుస్తలేదు" అన్నాడు. రెండు లైన్లలో జవాబు చెప్పి వదిలేయొచ్చు. కానీ "ఎవరో తెలుస్తలేదు" అన్న మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఆ మాట వెనక నాకు పదేళ్ల అప్పు ఒకటుంది. అందుకే ఈ వారం భాగం మొత్తం కెమెరా గురించే. సాహిత్యం గురించి రాస్తానని ఎదురుచూసినవాళ్లు ఈ ఒక్కసారికి ఓపిక పట్టండి. చివరికి అక్కడికే వస్తాను.

నా పీహెచ్‌డీ చిందు యక్షగానం మీద. చిందోళ్లు మాదిగల ఆశ్రిత కులం. జాంబ పురాణం చెప్తారు, ఎల్లమ్మ కథ ఆడతారు. ఒక్కో మేళానికి కొన్ని ఊర్ల మీద మిరాశి హక్కు ఉంటుంది. మా వాడ మీద మిరాశి ఉన్న మేళంలో ఒక అవ్వ ఉండేది. ఎల్లమ్మ వేషం ఆమెదే. చదువు రాదు, పురాణమంతా నోటికే. నేను మూడేళ్లు ఆమె వెంట తిరిగాను. నా థీసిస్‌లో సగం ఆమె గొంతే.

2014లో ఆగిపోయిన ఫెలోషిప్ డబ్బులు ఒకేసారి పడ్డాయి. అదే ఊపులో ఒక షాపుకు పోయి కెమెరా కొన్నాను. ఒక బాడీ, దానికి రెండు లెన్సులు: 18-55 ఒకటి, 55-250 ఒకటి, బ్యాగు ఫ్రీ. "దూరం నుంచి కూడా దగ్గరికి లాగుతది మేడం. ఇమేజ్ స్టెబిలైజేషన్ ఉంది, చీకట్లో కూడా వస్తది" అన్నాడు షాపాయన. నమ్మాను. నాకు తెలిసింది ఛందస్సు గానీ ఎక్స్‌పోజర్ కాదు గదా.

2015 ఎండాకాలంలో ఊరి నడుమ ఎల్లమ్మ గుడి ముందు ఆట. రాత్రి పదింటికి మొదలై తెల్లారేదాకా. అవ్వ ముఖానికి పచ్చటి అర్దళం పూసుకుని, పొనికి కట్టెతో చేసిన కిరీటం, భుజకీర్తులు కట్టుకుని, గజ్జెలతో దిగింది. అప్పటికే అరవై దాటిన మనిషి. దరువు అందుకోగానే ఆ వయసు ఎటు పోయేదో తెలియదు. ఆ రాత్రి నేను 412 ఫొటోలు తీశాను.

ఆ 412లో అవ్వ ముఖం ఒక్కదాంట్లో లేదు.

కొన్నిట్లో ముఖం ఉండాల్సిన చోట పచ్చటి గీత. కొన్నిట్లో వెనక వేలాడదీసిన హాలోజన్ లైటు తెల్లగా మండుతుంటే, ముందున్న మనిషి బొగ్గులా వచ్చింది. పక్కన మద్దెల కొట్టే తాత, తాళం వేసే పెద్దాయన, వంత పాడే ఇద్దరు ఆడవాళ్లు అసలు లేనే లేరు. అర్దళం పూసుకోని ఆ నలుగురూ చీకట్లో చీకటైపోయారు. థీసిస్ చివర ఫొటోల అనుబంధం పెట్టాలి కాబట్టి ఉన్నవాటిలోంచే ఆరు ఏరి పెట్టాను. వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆ పేజీ మీద వేలు పెట్టి, "ఇందులో మీ ప్రధాన కళాకారిణి ఎవరమ్మా?" అని అడిగారు. ఆయన వెటకారంగా అడగలేదు, నిజంగానే కనబడలేదు. నేను నీడను చూపించి "ఈమె సార్" అన్నాను.

2019లో అవ్వ పోయింది. వాళ్ల కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, దినాలకు ఫ్లెక్సీ కొట్టిస్తున్నం. ఎల్లమ్మ వేషంల అమ్మ ఫొటో నీ దగ్గర ఉంటది గదా, పంపు" అన్నాడు. ఆ రాత్రంతా హార్డ్ డిస్క్ వెతికాను. ఉన్న 412నూ మళ్లీ చూశాను. పొద్దున "మంచిగ రాలే తమ్మీ" అని చెప్పాల్సి వచ్చింది. ఫ్లెక్సీ మీద ఆధార్ కార్డు ఫొటో పెద్దది చేసి వేశారు. నలభై ఏళ్లు ఎల్లమ్మగా ఊరిని శాసించిన మనిషి, కౌంటర్ ముందు బెదిరిపోయి కూచున్న ముసలమ్మలా మిగిలింది. మూడేళ్లు ఆమె ఇంటి అన్నం తిని, ఆమె మాటలతో నా పేరు ముందు డాక్టర్ అని చేర్చుకుని, ఆమెకు నేనొక ముఖం ఇవ్వలేకపోయాను.

ఇదీ నా అప్పు. ఇక కెమెరా విషయానికి వస్తాను.

తర్వాత కూర్చుని లెక్క కట్టాను, ఆ రాత్రి ఏం తప్పు జరిగిందని. ప్రతి డిజిటల్ ఫొటో ఫైల్లో అది తీసినప్పటి సెట్టింగులు దాగి ఉంటాయి. తెరిచి చూశాను. లెన్స్ ఎఫ్ 5.6. ఐఎస్‌ఓ 1600. షట్టర్ సెకనులో 15వ వంతు. అంతే, జాతకం బయటపడింది.

ఎఫ్ నంబరు అంటే లెన్స్ కన్ను ఎంత తెరుచుకుంటుందో చెప్పే లెక్క. నంబరు తగ్గేకొద్దీ కన్ను పెద్దదవుతుంది. ఆ జూమ్ లెన్సును పూర్తిగా లాగితే 5.6 కంటే తెరుచుకోదు. ఎఫ్ 1.8 లెన్స్ దానికంటే దాదాపు పది రెట్లు వెలుగును లోపలికి రానిస్తుంది. అంటే అదే రాత్రి, అదే లైటు, అదే ఐఎస్‌ఓతో, 15వ వంతు దగ్గర ఆగిన షట్టర్ 125వ వంతుకు పోయేది. ఐఎస్‌ఓను 6400కు పెంచి ఉంటే 500వ వంతు కూడా అందేది. 15వ వంతు సెకనులో అవ్వ తల ఒక వైపు నుంచి ఇంకో వైపుకు తిరిగిపోతుంది. 500వ వంతులో గజ్జె కూడా ఆగి కనబడుతుంది.

మరి స్టెబిలైజేషన్ ఏం చేసింది? అది నా చేతి వణుకును ఆపింది. వెనకున్న గుడి గోడ అద్భుతంగా వచ్చింది. ఆడే మనిషి కదలికను ఏ స్టెబిలైజేషనూ ఆపలేదు, దాన్ని ఆపేది షట్టర్ ఒక్కటే. షాపాయన అబద్ధం చెప్పలేదు. కదలకుండా నిలబడేవాళ్లకు అది సరిపోతుంది. మనోళ్లు నిలబడరు, ఎగురుతారు.

50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ నా దగ్గరున్న ఆ జూమ్ కంటే చవక. ఈ సంగతి తెలిసిన రోజు చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

అయితే ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. ఆ రాత్రి 50 ఎంఎం ఉన్నా నాకు పనికొచ్చేది కాదేమో. ఎందుకంటే ఆ లెన్స్ జూమ్ కాదు, దగ్గరికి పోవాలి. నేనెక్కడున్నాను? జనం వెనక, వేపచెట్టు కింద. ముందు వరసలో కుర్చీలు ఊరి పెద్దలకు. ఆడేది చిందోళ్లు, ఆడించేది మాదిగోళ్లు, ముందు కూర్చునేది మాత్రం వేరేవాళ్లు. యూనివర్సిటీలో చదివే పిల్లనే గానీ, ఆ కుర్చీల ముందుకు పోయి నేల మీద కూర్చోవడానికి కూడా నాకు ధైర్యం చాల్లేదు. ఆ భయాన్ని దాచిపెట్టడానికే నాకు 250 ఎంఎం జూమ్ కావాల్సి వచ్చింది. మనం ఏ లెన్స్ కొంటాం అనేది మనల్ని ఎక్కడ కూర్చోనిస్తారు అనే దాన్ని బట్టి కూడా ఉంటుంది తమ్ముడూ. ఏ కెమెరా రివ్యూలోనూ ఈ పాయింటు కనబడదు.

ఇక ముఖం బొగ్గులా రావడం. అది వేరే కథ.

కెమెరాలో వెలుగును కొలిచే మీటర్ ఉంటుంది. దానికి మనుషులు తెలియదు. ఎదురుగా ఉన్న దృశ్యమంతా కలిపి సగటున మధ్యరకం బూడిద రంగు అనుకుంటుంది. వాళ్ల లెక్కలో అది 18 శాతం వెలుగును తిప్పికొట్టే బూడిద. వెనక హాలోజన్ మండుతుంటే "వామ్మో, ఇంత వెలుగా" అని మొత్తం ఫొటోను తగ్గించేస్తుంది. ముందున్న మనిషి మునిగిపోతాడు. వెనక నల్ల తెర ఉంటే దానికి తలకిందులు. "ఇంత చీకటా" అని పెంచేస్తుంది, ముఖం తెల్లగా కాలిపోతుంది. రెండిట్లోనూ కెమెరా తన సగటును కాపాడుకుంటుంది. పోయేది మనిషి ముఖం.

ఇది యంత్రం అమాయకత్వం అనుకుందాం. కానీ ఫొటోగ్రఫీ చరిత్ర అంత అమాయకమైనది కాదు. ఫిల్ము రోజుల్లో అమెరికాలో కొడాక్ కంపెనీ ల్యాబులకు ఒక నమూనా కార్డు పంపేది. దాని మీద ఒక తెల్ల అమ్మాయి బొమ్మ. మొదటి మోడల్ పేరు మీద దాన్ని షర్లీ కార్డు అనేవాళ్లు. ఆమె చర్మం రంగు సరిగ్గా వచ్చిందంటే ప్రింటింగ్ సరిగ్గా ఉన్నట్టు. స్కూలు గ్రూపు ఫొటోల్లో తెల్ల పిల్లల ముఖాలు చక్కగా, నల్ల పిల్లలవి కళ్లు, పళ్లు మాత్రమే కనబడేట్టు వచ్చేవి. కెనడా పరిశోధకురాలు లోర్నా రోత్ దీని మీద పని చేశారు. ముదురు రంగులు సరిగా రావడానికి కంపెనీ మీద గట్టిగా ఒత్తిడి పెట్టినవాళ్లలో చాక్లెట్ కంపెనీలు, చెక్క ఫర్నిచర్ కంపెనీలు ఉన్నాయని ఆమె పరిశోధనలో తేలింది. డార్క్ చాక్లెట్‌కూ మిల్క్ చాక్లెట్‌కూ తేడా తెలియడం లేదట. టేకుకూ ఇంకో కట్టెకూ తేడా కనబడడం లేదట. నల్ల తల్లుల గోడు వినబడని చెవులకు సరుకు గోడు వినబడింది. అన్ని రంగుల మనుషులున్న కార్డులు 1990లలో గానీ రాలేదు.

ఇప్పటి సెన్సర్లలో ఆ రసాయనాలు లేవు. కానీ అలవాటు ఉంది. ఫోన్లో మన పర్మిషన్ లేకుండానే బ్యూటీ మోడ్ మన రంగు తగ్గిస్తుంది. ముదురు చర్మాలను ఉన్నదున్నట్టు చూపిస్తామని గూగుల్ 2021లో పిక్సెల్ 6తో పాటు 'రియల్ టోన్' అని ప్రకటించుకుందంటే, అంతకు ముందు ఏం చూపించినట్టు? అందుకే కెమెరాను ఆటోలో వదిలేయడమంటే ఇంకెవరో రాసిన సగటుకు మన ముఖాన్ని అప్పజెప్పడమే. మాన్యువల్ మోడ్ నేర్చుకోవడం నాకు ఫ్యాషన్ కోసం కాదు.

2021లో చిట్టీ ఎత్తాను. అప్పటికింకా గంటల లెక్కన జీతమొచ్చే గెస్ట్ లెక్చరర్‌ని. కోఠిలో ఒక సెకండ్ హ్యాండ్ షాపులో కెనాన్ 6డి బాడీ 42 వేలకు తీసుకున్నాను. 2012లో వచ్చిన మోడల్ అది, అప్పటికే ముసలిది. కానీ ఫుల్ ఫ్రేమ్ సెన్సర్. పైగా దాని నడిమి ఫోకస్ పాయింటు మైనస్ 3 ఈవీ దాకా, అంటే ఇంచుమించు వెన్నెలంత వెలుగులో కూడా ఫోకస్ పట్టుకుంటుంది. పక్క పాయింట్లు చీకట్లో దండగ. కాబట్టి నడిమి పాయింటుతో కన్ను మీద ఫోకస్ పట్టి, ఫ్రేము జరుపుకుంటాను. దానికి తోడు 50 ఎంఎం ఎఫ్ 1.8 ఒకటి 5,500కు, 85 ఎంఎం ఎఫ్ 1.8 ఒకటి 19 వేలకు పాతవే కొన్నాను. జూమ్ లేదు. పెద్ద ఫొటోగ్రాఫర్లు వాడే 70-200 ఎఫ్ 2.8 మంచిదే. కానీ దాని ధరలో మా ఇంటి పైకప్పు వేసుకోవచ్చు. పైగా కిలోన్నర బరువు. తెల్లారేదాకా పట్టుకోవాలంటే చెయ్యి లేవదు.

కొన్న వెంటనే అంతా సరైపోలేదు. మొదటి ఆటలో ఎఫ్ 1.8 దగ్గరే పెట్టి తీస్తే ముక్కు స్పష్టంగా, కన్ను మసకగా వచ్చింది. లెక్క చూస్తే అర్థమైంది. మూడు మీటర్ల దూరంలో 85 ఎంఎం లెన్స్ ఎఫ్ 1.8 దగ్గర స్పష్టంగా చూపే లోతు దాదాపు 13 సెంటీమీటర్లే. జానెడు కూడా లేదు. చిందు ఆటలో మనిషి ఒక అడుగు ముందుకు వేస్తే ఫోకస్ పోయినట్టే. ఇప్పుడు వెలుగు కాస్త ఉంటే 2.2, 2.5 దగ్గర పెడతాను.

రెండో దెబ్బ లైట్లతో తగిలింది. హాలోజన్లు పోయి అందరూ చవక ఎల్ఈడీలు కడుతున్నారు. మన కరెంటు 50 హెర్ట్జ్. అందువల్ల ట్యూబులైటు, చవక ఎల్ఈడీ సెకనుకు 100 సార్లు తగ్గి పెరుగుతుంటాయి. మన కంటికి తెలియదు, షట్టర్‌కు తెలుస్తుంది. 500వ వంతు పెడితే ఒక ఫొటో వెలుగ్గా, పక్కది మసకగా, కొన్నిట్లో అడ్డంగా చారలు. 100వ వంతు దగ్గర పెడితే ఆ బాధ పోతుంది. కానీ 100వ వంతులో ఎగిరే మనిషి ఆగడు. కొత్త మోడళ్లలో చాలావాటికి యాంటీ ఫ్లికర్ అని ఉంటుంది, వెలుగు ఎక్కువగా ఉన్న క్షణం చూసి క్లిక్కుమంటుంది. నా ముసలి కెమెరాకు అది లేదు.

అక్కడే నా పీహెచ్‌డీ పనికొచ్చింది. నవ్వకండి, నిజం. దరువు ఎక్కడ తెగుతుందో, ముక్తాయింపు ఎప్పుడు పడుతుందో నాకు తెలుసు. ముక్తాయింపు పడిన క్షణంలో వేషం బిగుసుకుని నిలబడుతుంది. ఎగిరినప్పుడు కూడా పైకి పోవడం ఆగి, కిందికి రావడం మొదలయ్యే ఒక్క క్షణం ఒళ్లు గాలిలో నిలుస్తుంది. ఆ క్షణాలకు 100వ వంతు చాలు. ఒకటే బటన్ నొక్కి పట్టుకుని వంద ఫొటోలు తీసేవాడికి దొరకనిది, పాట తెలిసినవాడికి ఒక్క క్లిక్కులో దొరుకుతుంది. లక్ష రూపాయల కెమెరా పట్టుకుని వచ్చే బయటివాళ్ల కంటే మన పిల్లలకు ఉన్న గొప్ప పరికరం ఇదే. మీ చెవి. డప్పు దెబ్బ మీకు ముందే తెలుసు.

మిగతా అలవాట్లు టకటకా చెప్తాను.

ఫ్లాష్ వాడొద్దు. గాలిలో ఉన్న మనిషి కళ్లల్లో మెరుపు కొట్టడం ప్రమాదం. పైగా కిరీటం తళుక్కుమని ముఖం అట్టముక్క అయిపోతుంది.

మీటర్‌ను స్పాట్‌లో పెట్టి ముఖం మీద కొలవండి. అయితే నల్లటి ముఖాన్ని కొలిచినప్పుడు మీటర్ దాన్ని కూడా బూడిద చేయాలని చూస్తుంది, అంటే ఉన్నదానికంటే తెల్లగా తీస్తుంది. అర స్టాపో ఒక స్టాపో తగ్గించండి. బొగ్గూ వద్దు, సున్నమూ వద్దు. ఉన్న రంగు ఉన్నట్టు, చెమట మెరుపుతో సహా రావాలి. అర్దళం పూసిన వేషానికి ముఖం ఎక్కువ వెలుగ్గా, చేతులు తక్కువగా ఉంటాయి. ముఖానికి సరిగ్గా పెట్టి, చేతులను తర్వాత కంప్యూటర్లో పైకి తీసుకోవచ్చు.

అలా తీసుకోవాలంటే రా ఫైల్లో తీయాలి. జేపెగ్‌లో చీకటి అంటే పోయిన చీకటే. రాలో చీకటి కింద కూడా మనిషి ఉంటాడు. ఎరుపు, పచ్చ లైట్ల రంగులను కూడా తర్వాత సర్దుకోవచ్చు.

ఐఎస్‌ఓ పెంచడానికి భయపడొద్దు. 6400 దగ్గర ఇసుక చల్లినట్టు గరుకు వస్తుంది. రానీ. గరుకుగా ఉన్న ముఖాన్ని గుర్తుపట్టొచ్చు, కదిలిపోయిన ముఖాన్ని పట్టలేం.

అన్నిటికంటే చవక పరికరం ఇంకోటుంది. లైటు జరపడం. ఆట మొదలయ్యే గంట ముందు పోయి, మేళం పెద్దను, లైట్లు కట్టే పిల్లగాణ్ని అడిగి, వెనక వేలాడే లైటును పక్కకు, కాస్త ముందుకు కట్టించండి. మద్దెల, తాళం, వంత కూర్చునే వైపు కూడా ఒక బల్బు వేయించండి. ఒక నిచ్చెన, ఒక తాడు, ఒక చాయ్ ఖర్చు. నా లెన్సులన్నీ చేయలేని పని అది చేస్తుంది. మొదటిసారి అలా బల్బు వేయించిన రాత్రి, మద్దెల కొట్టే తాత ముఖాన్ని ఫొటోలో చూశాను. దరువు మారేముందు ఆయన కళ్లు మూసుకుంటాడని అప్పటిదాకా నాకు తెలియదు. మూడేళ్లు పరిశోధన చేసిన నాకు!

ఇక తమ్ముడి 40 వేలు. కొత్త కెమెరా వద్దు. పాత బాడీకి 25 నుంచి 30 పెట్టు, మిగతాది లెన్స్‌కు. అందరూ బాడీ మీద ఖర్చుపెట్టి డబ్బాతో వచ్చిన లెన్సుతో సరిపెట్టుకుంటారు. చీకట్లో తలకిందులుగా ఆలోచించాలి, ముందు లెన్స్, తర్వాత బాడీ. చిన్న సెన్సర్ కెమెరా అయినా ఫర్వాలేదు. అప్పుడు 50 ఎంఎం దాదాపు 75, 80లా దగ్గరగా చూపిస్తుంది, స్టేజీకి అది మంచిదే. ఇరుకు చోటైతే 35 ఎఫ్ 1.8 చూసుకో. నికాన్ 5000 సిరీస్ చిన్న బాడీలు కొనేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. వాటిలో ఫోకస్ మోటార్ ఉండదు. '50 ఎంఎం 1.8 డి' అనే పాత లెన్స్ చవకగా దొరుకుతుంది గానీ, ఆ బాడీల మీద ఆటో ఫోకస్ పనిచేయదు. 'ఏఎఫ్-ఎస్' అని రాసి ఉన్నది కొనాలి. మా స్టూడెంట్ ఒకతను ఇట్లనే ఇరుక్కుని నెల రోజులు బాధపడ్డాడు.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడుగు. లెన్స్‌లోంచి టార్చి వేసి చూడు, సాలెగూడు లాంటి ఫంగస్ ఉంటే వదిలేయ్. షాపులోనే లైటు తక్కువున్న మూలకు పోయి, కదిలే మనిషిని తీసి చూడు. రెండో బ్యాటరీ తప్పనిసరి. ఎవరికి సిగ్గుపడినా షాపువాళ్ల ముందు సిగ్గుపడకు. వాళ్లు మన చెప్పులను చూసి రేటు చెప్తారు.

స్టేజీ నాటకాలు తీసేవాళ్లకు ఒక మాట. ఆడిటోరియంలో అద్దం కెమెరా టకటక చప్పుడు డైలాగు మధ్య రాయి విసిరినట్టుంటుంది. అక్కడ చప్పుడు చేయని మిర్రర్‌లెస్ నయం. కానీ ఆ సైలెంట్ షట్టర్ ఎల్ఈడీల కింద చారలు ఎక్కువ పడనిస్తుంది, ముందే పరీక్షించుకోవాలి. మన డప్పు ముందు మాత్రం ఏ షట్టర్ చప్పుడూ వినబడదు. ఏదైనా ఒకటే.

ఫోన్ తప్ప ఏమీ లేనివాళ్లు నిరాశపడకండి. బ్యూటీ ఆఫ్ చేయండి. నైట్ మోడ్ కూడా వద్దు, అది కాసేపట్లో చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది, ఆడే మనిషి దెయ్యంలా వస్తాడు. జూమ్ చేయకుండా దగ్గరికి పోండి. ముఖం మీద వేలు నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. ముక్తాయింపు కోసం కాచుకోండి.

ఇప్పుడు అసలు విషయం. తీసిన ఫొటో ఎవరిది?

2022లో మా వాడలోనే ఆట పెట్టించాం. ఈసారి ముందు కుర్చీలు లేవు. అందరం నేల మీదే. నేను హార్మోనియం పక్కన కూర్చున్నాను. ఎల్లమ్మ వేషం అవ్వ మనుమరాలిది. ఇంటర్ చదువుతున్న పిల్ల. ఆ రాత్రి తీసిన ఫొటో ఒకటుంది. ముక్తాయింపు దగ్గర తల వెనక్కి వాల్చి, కళ్లు జనం మీద నిలిపి. పక్కన మద్దెల తాత కూడా ఉన్నాడు, కళ్లు మూసుకుని. పెద్ద ప్రింట్ వేయించి, లామినేషన్ చేయించి వాళ్లింటికి తీసుకుపోయాను. పాత అప్పు తీరుతున్నట్టు లోపల ఒకటే సంబరం. వాళ్ల నాన్న, అవ్వ కొడుకు, దాన్ని చాలాసేపు చూశాడు. నేను కళ్లనీళ్ల కోసం ఎదురుచూస్తున్నాను.

"అక్కా, కిరీటం రంగు పోయింది కనబడుతుంది సూడు" అన్నాడు. "ఎడమ భుజకీర్తి పగిలింది కూడ కనబడుతుంది. గిది ఎవలకన్న సూపిస్తివా?"

"లేదు తమ్మీ."

"సూపియ్యకు. రంగులేసినంక మళ్ల తియ్యి."

నా ముఖం మాడిపోయింది. వచ్చేటప్పుడు బస్సులో ఆలోచిస్తే తెలిసింది. నేను అవ్వ ముఖాన్ని వెతుక్కుంటూ పోయాను. అతను తన మేళం పరువును చూశాడు. స్పష్టమైన ఫొటో అంటే అది కూడా. మసక ఫొటోలో పేదరికం కూడా మసకగానే ఉంటుంది. ఇప్పుడు పగులు కనబడుతోంది కాబట్టి ఆ పగులును చూపించాలా వద్దా అనే హక్కు వాళ్లది. చిందోళ్ల దగ్గర నేను బాధితురాలిని కాదు. వాళ్లకు మిరాశి ఇచ్చే ఇంటి పిల్లను. వాళ్లు మా వాకిట్లో నిలబడి అడిగితే మేం పెట్టేవాళ్లం. బాబాసాహెబ్ చెప్పిన అంతరాల దొంతరలో నా కింద కూడా ఒక మెట్టుంది. కెమెరా చేతికొచ్చిన రోజు ఆ మెట్టు ఇంకొంచెం ఎత్తయింది.

రంగుల ఖర్చు మా మిత్రులం తలాకొంత వేసుకున్నాం. మూడు నెలల తర్వాత మళ్లీ తీశాను. ఈసారి కిరీటం ధగధగలాడింది. ఆ ఫొటోనే వాళ్లు కళాకారుల గుర్తింపు కార్డు దరఖాస్తుకు పెట్టుకున్నారు. ప్రదర్శన ఇస్తున్నట్టు ఫొటో ఆధారం కావాలని అడిగారట. ముఖం గుర్తుపట్టేట్టు ఉండాలట. అవ్వకు పింఛను రాకపోవడానికి కారణాల్లో ఇదొకటని అప్పుడు తెలిసింది. మళ్లీ కాసేపు ఊరికే కూర్చున్నాను.

19వ శతాబ్దంలో బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ ఆ కాలపు అమెరికాలో అత్యధికంగా ఫొటోలు దిగిన మనుషుల్లో ఒకడు. మంచి కోటు వేసుకుని, ఎక్కువగా నవ్వకుండా, గంభీరంగా దిగేవాడు. నల్లవాళ్లను ఎగతాళి బొమ్మలుగా గీసే లోకానికి, మేం ఎలా ఉంటామో మేమే చెప్తాం అని జవాబు. అవ్వ కొడుకు ఆయన పేరు విని ఉండడు. కానీ "రంగులేసినంక మళ్ల తియ్యి" అన్న మాట అదే మాట.

చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. సంతోషం. కానీ ఒక్కో మేళంలో పదిమంది ఉంటారు. మిగతా తొమ్మిది మంది పేర్లు, ముఖాలు రాయాల్సింది, తీయాల్సింది మనమే. అందుకే ఏ కెమెరా కొన్నా ఈ మూడు పనులు మానొద్దు. ఫొటో కింద "జానపద కళాకారిణి" అని రాయకండి, అడిగి పేరు రాయండి, ఊరు రాయండి, వేషం రాయండి, తేదీ వేయండి. ఒక ప్రింట్ వాళ్లింటికి చేర్చండి, ఫోన్లు పోతాయి గానీ గోడ మీది ఫొటో ఉంటుంది. బయట పెట్టేముందు వాళ్లకు చూపించి అడగండి. వద్దంటే వద్దు.

తమ్ముడూ, 40 వేలు నీకు చాలు. ముందు ఆ 1.8 లెన్స్ కొను. బాడీ దొరికేదాకా ఆగలేకపోతే నా ముసలి 6డి తీసుకుపో, ఒక ఆదివారం కాలేజీకి రా. ఒక్కటే షరతు. వెనక వేపచెట్టు కింద నిలబడి తీయొద్దు. ముందుకు పోయి కూర్చో.

జై భీమ్.

(ఇంకా ఉంది. వచ్చే వారం: తెల్లవార్లూ జరిగే ఆటను రికార్డు చేయడానికి మైకు ఎక్కడ పెట్టాలి, వంత పాడేవాళ్ల గొంతు ఎందుకు పోతుంది.)